నాలుగూ నలభై బస్సు

లిస్బన్ ఇంకా కళ్ళు తెరవదు.
అమదోరా గుట్ట మీంచి
మొదటి బస్సు దింపుతుంటాను నేను.
ఎక్కేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే,
కేప్ వెర్ద్ వాళ్ళు, గినీ వాళ్ళు, సావొ తొమే వాళ్ళు.
ఒళ్ళో సంచి, సంచిలో రబ్బరు తొడుగులు,
అన్నం డబ్బా, ఇంకో జత చెప్పులు.
కూలబడగానే నిద్ర.
ఏ స్టాపులో లేవాలో వాళ్ళ మెడలకి తెలుసు.

బ్యాంకు దగ్గర నలుగురు దిగుతారు,
మంత్రుల ఆఫీసు దగ్గర తొమ్మిదిమంది.
గుమాస్తాలు వచ్చేసరికి నేల అద్దంలా ఉండాలి.
అద్దంలో మాత్రం వీళ్ళు కనబడకూడదు.
ఇది ఏ చట్టంలోనూ లేదు.
టైంటేబుల్లో ఉంది. నేను నడిపేది దాన్నే.

ఎర్మెలిందాది నా వెనక సీటు.
పదకొండేళ్ళుగా ఒకటే సీటు, ఒకటే మాట:
"చలిగా ఉంది, అదెలీనో."
ఎండాకాలంలో కూడా.

మొన్న నవంబరులో ఒకరోజు నిద్రపోలేదు.
నది ఒడ్డున కొత్త పని దొరికిందట.
నావికుల స్మారకం ముందర
చలువరాతిలో పరిచిన ప్రపంచ పటం,
దాని మీద రాత్రి విందు, పొద్దున్నే మరకలు.
"అట్లాంటిక్ అంతా కడిగాను," అంది.
"బ్రెజిల్ మీద ఎవడో కక్కాడు.
మా దీవి ఎంతకీ దొరకలేదు.
బకెట్ జరిపితే కింద ఉంది, శనగబద్దంత.
పక్కన ఏ ఏడు కనిపెట్టారో రాశారు.
అప్పటికి అక్కడ మనిషన్నవాడే లేడు తెలుసా?
మేం లేనప్పటి తేదీ అది.
మమ్మల్ని తెచ్చి దించిన తేదీ
పటమంతా వెతికాను, లేదు."
నవ్వింది.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

మా నాన్న చదివిన బళ్ళో ఒక పటం ఉండేదట.
అంగోలానీ మొజాంబిక్‌నీ కత్తిరించి
యూరప్ మీద దుప్పటిలా కప్పి,
చూడండర్రా మనమెంత పెద్దవాళ్ళమో, అని.
కింద కూర్చున్న పిల్లల కాళ్ళకి చెప్పుల్లేవు.
ఇంట్లో ఒక చేపని ముగ్గురు పంచుకోవాలి.
అయినా ఆ పటం వంక కాసేపు చూస్తే
కడుపు నిండినట్టుండేదట.
ఇరవై ఒకటో ఏట
ఆ దుప్పటి జారిపోకుండా పట్టుకోమని గినీ పంపారు.
కుడికాలు అక్కడే ఉండిపోయింది.
ఒక చెక్కకాలు ఇచ్చారు, ఒక పతకం.
బతికినన్నాళ్ళూ నల్లవాళ్ళ మీద పళ్ళు నూరాడు.
పంపినవాళ్ళు ఎదురైతే టోపీ తీసేవాడు.

ఇదంతా ఆమెతో చెబుదామనుకున్నాను.
సిగ్నల్ పచ్చగా మారింది.

నేనూ అద్దింటివాణ్ణే.
నెలాఖరుకి నేనూ కాఫీ మానేస్తాను.
కానీ గుట్ట కింద పోలీసులు బస్సు ఆపినప్పుడు
వెనక సంచులన్నీ తెరుచుకుంటాయి,
కాగితాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి.
నాతో మాత్రం "శుభోదయం" అంటారు.
ఆ ఒక్క శుభోదయమే నాకు పిత్రార్జితం.
నేను సంపాదించింది కాదు.
వద్దని ఇంతవరకూ అననూ లేదు.

ఆదివారం ఒక్కణ్ణే నది ఒడ్డుకి వెళ్ళాను.
పిల్లలు ఖండం నించి ఖండానికి
తొక్కుడుబిళ్ళలా గెంతుతున్నారు.
పెళ్ళికూతురొకత్తె ఫొటో కోసం
హిందూ మహాసముద్రం మీద పడుకుంది.
ఎర్మెలిందా దీవి దొరికింది.
నా బూటు మడమ కింద సరిగ్గా పట్టింది.
గబుక్కున కాలు తీశాను.
కాస్త పక్కకి జరిగితే గినీ.
నాన్న కాలు ఉండాల్సిన చోట
బబుల్‌గమ్ అంటుకుని ఉంది.
వంగి తాళంచెవితో గీకాను.
సగమే వచ్చింది.

మిగతా సగం ఎవరు గీకుతారో నాకు తెలుసు.
పొద్దున్నే తీసుకొచ్చి దించేది
నేనే కదా.